రెండు తోకల పలక

మా మామగారు ఓర్వల్‌కి రాయిలో చేప కనబడితే కాఫీ కూడా గుర్తుండదు. కెమ్మరర్ ఊరి పైన గుట్టమీద మా క్వారీ. ఒకప్పుడదంతా సరస్సట, ఆనాటి చేపలే రాయిలో రాయైపోయాయి. ఇప్పుడు గాలి, దుమ్ము, మేమిద్దరం. పలక లేపినా చేప బయటపడదు, పైన పల్చటి రాతిపొర కప్పుకునే ఉంటుంది. పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడినప్పుడు వెన్నెముక ఉబ్బు నీడగా తేలుతుంది. ఆ నీడ చుట్టూ సుద్దతో గీసి, రంపంతో కోసి, పొర తియ్యకుండానే ఇంటికి చేరుస్తాం. సూది పట్టి పొర తీసేది మాత్రం ఆయనే. నాది పలకలు మోసే పని. ఆ సూది కోసం నా ప్రాణం కొట్టుకునేది.

ఆ రోజు ఒక పొడవాటి పలక లేచింది. ఒక కొసన పెద్ద తోక, రెండో కొసన చిన్న తోక.

"రెండు చేపలు, డెల్మా! ఎదురెదురుగా పడుకున్నాయి," అంటూ మామగారు తలలు కలిశాయనుకున్న చోట సుద్దగీత గీసేసి రంపం అందుకున్నారు.

నేను పలక పక్కన బోర్లా పడుకుని చూశాను. ఉబ్బు ఎక్కడా తెగలేదు. రెండు తలలుంటే మధ్యలో కాస్తయినా సందుండాలి కదా?

"ఆగండి మామయ్యా! తల ఒక్కటే ఉంది."

"రెండు తోకలకి ఒక్క తలా? పొద్దున్నే ఏం తాగొచ్చావే?"

"గీత దగ్గర గోరంత పొర తీసి చూద్దాం. నేను తీస్తాను."

"పాడుచేశావంటే మళ్లీ సూది పేరెత్తకూడదు."

"ఎత్తను."

అనేశాక భయం వేసింది. ఆయన సంచిలోంచి సూది తీసి పట్టాను. గీకడం, పొడి ఊదడం, మళ్లీ గీకడం. ముందు గోధుమరంగు దవడ ఎముక కనబడింది. ఆ దవడ లోపల ఇంకో చేప పొలుసులు! పెద్దది చిన్నదాన్ని తలవైపు నుంచి మింగబోయి గొంతుకి అడ్డం పడేసుకుంది. చిన్నదాని తోక బయటే ఉండిపోయింది.

మామగారు రంపం కింద పెట్టారు. బొటనవేలితో సుద్దగీత తుడిచేశారు.

"ఇంకాస్తయితే రెండింటినీ నేనే నరికేసేవాణ్ణి," అన్నారు మెల్లగా. మరుక్షణమే మోకాళ్లమీద కూర్చుని పలకమీదికి వంగారు. "ఇంతకీ చిన్నదాని తల ఎక్కడిదాకా పోయిందంటావ్? కడుపులోకా? తియ్యి, తియ్యి!"

"పొర తియ్యకుండా ఇంటికి చేర్చాలిగా మామయ్యా?"

"చాల్లే వెక్కిరింపు!"

సూది ఇమ్మని ఆయన చెయ్యి చాపలేదు. టోపీ తీసి, ఎండ నా కళ్లల్లో పడకుండా అడ్డం పట్టుకున్నారు.