పిట్ట ఎగిరిపోయిన ఫొటో

నేను అబద్ధం చెప్పలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే వూళ్లో సగం మంది నేను కేసు పెట్టినవాళ్లకు అమ్ముడుపోయానని అనుకుంటున్నారు. ఎస్సై గారు నా ఎరువుల కొట్టుకు వచ్చి, బుధవారం పొద్దున ఆరింటికి కాలవ గట్టు మీద మీరున్నారట గదా, అక్కడ ప్రవీణ్ కనపడ్డాడా అని అడిగారు. లేదండీ, ఎవరూ లేరు అన్నాను. అంతటితో ఊరుకోకుండా, నా కళ్లబడకుండా అక్కడ పిచ్చుక కూడా కదలదని గొప్పలు పోయాను. ఆయన రాసుకుని వెళ్లారు. సాయంత్రానికి మా వూరి కుర్రాడు ప్రవీణ్‌ను తీసుకుపోయారు.

కేసు ఏమిటంటే, ఆ బుధవారం అదే ఆరింటికి వూరికి ఆ చివర పత్తిచేలో ఒక పార్టీ మనిషి వెంకటాద్రి తల పగలగొట్టారు. మనిషి ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. కొట్టింది ఇద్దరు, వాళ్లెవరో వూరందరికీ తెలుసు. కానీ మా ప్రాంతంలో కంప్లయింటు ఇచ్చేటప్పుడు కొట్టినవాళ్లతో ఆపరు. అవతలి పార్టీలో కాస్త లేచి తిరిగే ప్రతివాడి పేరూ రాయిస్తారు. ఇందులో పదకొండు పేర్లు రాయించారు. ప్రవీణ్‌ది ఏడోది. వాళ్ల నాన్న బతికున్నప్పుడు ఒక్కసారి పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు, వాడు చేసిన పాపం అదొక్కటే. ఆ టైముకు నేను కాలవ దగ్గర ఉన్నాను, శెట్టి బాబాయిని అడగండి అని వాడు మొత్తుకున్నాడట. వాళ్లు అడిగారు. నేను చెప్పాను.

నాకు పిట్టల పిచ్చి. గుంటూరులో సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాక అది ముదిరింది. కొట్టు తెరిచేలోపు రెండు గంటలు కాలవ పక్క జమ్ములో మోకాళ్ల మీద కూర్చుంటాను. వూళ్లో నాకు పిట్టల శెట్టి అని పేరు పెట్టారు, నేనూ నవ్వి ఊరుకున్నాను. వానలు పడితే ఆ జమ్ములోకి ఎర్ర జీనువాయిలు వస్తాయి. వేలెడంత పిట్ట. మగదైతే పండుమిరపకాయ రంగు, దాని మీద సన్నటి తెల్ల చుక్కలు. మూడేళ్లుగా ఒక్క మంచి ఫొటో చిక్కలేదు. ఆ బుధవారం ఒకటి నాకు పది అడుగుల దూరంలో జమ్ము కంకి మీద వాలింది. ఆ కాసేపు నా పక్కన లారీ బోల్తాపడినా నాకు తెలిసేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి ఆ ఫొటోలు కంప్యూటర్‌లో వేసుకున్నాను. నలభై దాకా ఉన్నాయి. ప్రతిదాంట్లో పిట్ట వెనకాల నీలంగా ఏదో మరక. ఎవరిదో టార్పాలిన్ పట్టా అనుకున్నాను. చివరి దాంట్లో పిట్ట ఎగిరిపోయి, ఉత్త కంకి ఊగుతోంది. అలాంటివి నేను మామూలుగా చూడకుండానే చెరిపేస్తాను. పిట్ట లేకపోయేసరికి ఫోకస్ వెనక్కి పోయింది. వెనక ప్రవీణ్ ఉన్నాడు. నీలం చొక్కా, భుజం మీద పచ్చ డీజిల్ క్యాను, చూపు నా వైపే. వాడక్కడే ఉన్నాడు, నేను ఎవరూ లేరన్నాను.

చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా స్టేషన్‌కు పరుగెత్తాను. ఎస్సై గారు ఫొటో చూశారు, తర్వాత దాని మీదున్న తేదీ చూపించారు. 2015 జనవరి ఒకటి. నా కెమెరాలో గడియారానికుండే చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పెద్ద బ్యాటరీ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ అడుగుతుంది, నేను పిట్ట కోసం తొందరలో ఓకే నొక్కేస్తాను. ఆ సంగతి చెప్పాను. "శెట్టిగారూ, అప్పుడేమో ఎవరూ లేరన్నారు, ఇప్పుడేమో పాత తేదీ ఫొటో తెచ్చారు. ఏ మాట రాసుకోమంటారు?" అన్నారాయన.

నరసరావుపేటలో కెమెరాలు బాగుచేసే అమ్జద్ దగ్గరికి పోయి, అసలు తేదీ లోపలెక్కడైనా ఉంటుందేమో చూడమని బతిమాలాను. లేదన్నాడు. ఇప్పుడు మారిస్తే అది దొంగ ఫొటో అవుతుందన్నాడు. తిరిగొచ్చేసరికి ప్రవీణ్ వాళ్లమ్మ బుల్లెమ్మ వదిన కొట్టు మెట్ల మీద కూర్చుని ఉంది. రోజూ వస్తుంది, నన్ను ఒక్క మాట అనదు. తిట్టినా బాగుండేది. నాకు అన్నం సహించడం లేదు, కెమెరా మళ్లీ ముట్టుకోలేదు.

శుక్రవారం వదినా నేనూ సబ్‌జైలుకు ములాఖత్‌కు వెళ్లాం. జాలీ అవతల వాడు చిక్కిపోయి ఉన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఒక్క కేకేస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నాను.

"కేకేస్తే పిట్ట ఎగిరిపోద్దిగా బాబాయ్. అన్నేళ్ల నుంచి దానికోసం మోకాళ్లరగదీసుకుంటన్నావని నీళ్లింజన్ కూడా ఎయ్యకుండా నిలబడ్డా."

ఎంతసేపురా అంటే, అరగంట ఉంటుందన్నాడు. భుజం నొప్పెట్టి క్యాను ఇటు నుంచి అటు మార్చుకున్నాడట, దానికి పిట్ట లేచిపోయింది. నేను తల ఎత్తకుండానే తిట్టానట. బాబాయికి కోపమొచ్చింది, ఇప్పుడు ఎదురుపడితే బాగోదని అటు నుంచి అటే ఇంటికి పోయాడు. ఏమని తిట్టానో మాత్రం చెప్పలేదు. వాళ్లమ్మ వైపు చూసి ఊరుకున్నాడు.

అక్కడి నుంచి నేరుగా ప్రవీణ్ లాయరు ప్రభావతి గారి ఆఫీసుకు వెళ్లాం. సోమవారం బెయిలు పిటిషను. నేను కూర్చోకముందే, చూశానని రాసేయండి, కోర్టులో ప్రమాణం చేసి చెబుతాను అన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. చూడనిది చూశానంటే అవతలి లాయరు మూడు ప్రశ్నల్లో నన్ను పడగొడతాడని, అప్పుడు ఫొటో కూడా పోతుందని అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పమన్నారు. చెప్పాను. తిట్టిన సంగతి రాగానే ఆవిడ ముందుకు వంగారు. మొదటి రోజే ప్రవీణ్ ఆ తిట్టు తనకు ఒక కాగితం మీద రాసిచ్చాడట, నోటితో చెప్పడానికి సిగ్గుపడి. అది ఫైల్లోనే ఉందన్నారు.

"మీరేమని తిట్టారో చెప్పండి. రెండూ ఒకటే అయితే, అతను అక్కడుండి విన్నాడని జడ్జిగారి ముందు పెడతాను. నిలబడుతుందో లేదో మాత్రం చెప్పలేను."

పిట్ట ఎగిరిపోతే నా నోట వచ్చేది ఎప్పుడూ ఒకటే మాట. ఎన్ని వందల సార్లు అన్నానో, అర్థం ఒక్కసారి కూడా ఆలోచించలేదు. బుల్లెమ్మ వదిన పక్క కుర్చీలో ఉంది. ఆవిడను కాసేపు బయటకు పంపండి అన్నాను. వదిన కదలలేదు. నాలుక తెగ్గోసుకోవాలనిపించింది.

"నీయమ్మ కడుపు కాల" అన్నాను.

ప్రభావతి గారు ఫైలు తీసి కాగితం చూశారు. రెండూ ఒకటే అన్నట్టు తల ఊపారు కానీ రాయడానికి చెయ్యి రాక వదిన వైపు చూశారు.

"అదే మాట రాసుకో అమ్మా" అంది బుల్లెమ్మ వదిన.