తల ఊపిన చోట

పళ్ల డాక్టరుకు భార్య మీద ఉన్న ఫిర్యాదు మరీ పెద్దదేం కాదు. ఆవిడ ఇంట్లో కూడా టీవీ విలేకరే. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే చాలు, దాన్ని చివరిసారి ఎవరు చూశారు, అప్పుడు మూత ఉందా లేదా, ఈ విషయంలో ఆయన వైఖరి ఏమిటి అని ప్రశ్నలే తిరిగొస్తాయి. కూర మాడితే మాడిందని అనదు. "తాజా సమాచారం ప్రకారం కాస్త అడుగంటింది" అంటుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో "తప్పు నాది" అన్న రెండు ముక్కలు ఆవిడ నోట ఆయన వినలేదు. ఊరందరి నోళ్లూ తెరిపిస్తాను గానీ కట్టుకున్నదాని నోట ఆ రెండు ముక్కలూ రాబట్టలేకపోయానని, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంతో చెప్పుకునేవాడు.

అసలు వాళ్ల పరిచయమే నోటి దగ్గర మొదలైంది. వాతావరణ వార్తలు చదివే రోజుల్లో ఆవిడ జ్ఞానదంతం నొప్పితో వచ్చింది. నోట్లో పత్తి కుక్కినా ప్రశ్నలు ఆపని రోగిని ఆయన అదివరకు చూడలేదు. ఈ పన్ను ఎందుకు మొలుస్తుంది, మొలిచి ఏం సాధిస్తుంది అని అడిగింది. ఆ జవాబు ఒక్క రోజులో తేలేది కాదని ఆయనే నిర్ణయించుకున్నాడు. పెళ్లయ్యాక ఆవిడ వాన గురించి చదవడం మానేసి వానలోకే దిగింది. వరదల్లో మోకాలి లోతున నిలబడింది, ఎన్నికల్లో గొంతు పోగొట్టుకుంది, సమ్మెల్లో చెప్పులు పోగొట్టుకుంది. మెల్లగా సాయంత్రం వార్తల్లో అందరూ గుర్తుపట్టే ముఖమైంది. ఇప్పుడు కూరగాయల కొట్టతను ఆవిడ నోరు విప్పకముందే, ఇవి నిన్నటివి మేడమ్ అని ఒప్పేసుకుంటాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం సిటీ బస్సొకటి మలుపులో అదుపు తప్పి, పేవ్‌మెంటు ఎక్కి, కళ్లజోళ్ల దుకాణం అద్దాన్ని పగలగొట్టింది. దేవుడి దయవల్ల పగిలింది అద్దమొక్కటే. స్టీరింగు బిగుసుకుపోయిందని డ్రైవరు మొత్తుకున్నాడు. డ్రైవరు కునుకు తీశాడని డిపో మేనేజరు అన్నాడు. డ్రైవరును విధుల నుంచి తప్పించి విచారణ వేశారు. ఆవిడ మేనేజరును కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించింది, సాయంత్రం వార్తల్లో వచ్చింది, అక్కడితో అయిపోయింది.

పళ్ల డాక్టరుకు మాత్రం అక్కడే మొదలైంది. ఎందుకంటే ఆ డ్రైవరు ఆయన పేషెంటు. అదే వీధి చివర ఉంటాడు, పెద్దవాడు, ఈయన బాబాయ్ అని పిలుస్తాడు. దవడ పన్నుకు రూట్ కెనాల్ సగంలో ఉంది. తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపించాడు. మళ్లీ రావాల్సిన రోజున మనిషి రాలేదు. ఆ సిమెంటు ఊడితే నరకం కనిపిస్తుందని తెలిసీ రాలేదంటే, ఏదో ఉందని డాక్టరుకు అనుమానం వచ్చింది. ఫోన్ చేశాడు. నొప్పి ఉందా అంటే ఉందన్నాడు. మరి రారేం అని అడిగాడు.

"మీ ఆవిడ తల ఊపేసింది కదా సార్. ఇంక నేను నోరు తెరిచి ఏం లాభం?" అన్నాడు డ్రైవరు.

వీధిలో పిల్లలు తనను చూసి గురక పెడుతున్నారనీ, విచారణలో కూర్చున్న ఒకాయన కూడా "టీవీ ఆవిడే ఒప్పుకుంది కదయ్యా" అన్నాడనీ చెప్పి పెట్టేశాడు.

ఆ సాయంత్రం డాక్టరు క్లినిక్‌లో కూర్చుని ఆ వార్తను ఫోనులో మళ్లీ మళ్లీ చూశాడు. మేనేజరు "డ్రైవరు కునుకు తీశాడు" అంటాడు. వెంటనే భార్య ముఖం. గంభీరంగా, నిదానంగా, పైకీ కిందికీ తల ఊపుతుంది. మళ్లీ మేనేజరు ముఖం, "మేం కఠిన చర్యలు తీసుకుంటాం" అంటాడు. డ్రైవరు చెప్పింది నిజమే. చూసినవాడెవడైనా ఆవిడ ఆ మాటకు అవునంటోందనే అనుకుంటాడు.

భోజనాల దగ్గర సంగతి కదిపాడు. ఆవిడ నవ్వేసింది.

"అది ఒప్పుకోవడం కాదండీ, వినడం. మా దగ్గర ఉండేది ఒకటే కెమెరా. మాట్లాడినంతసేపూ అది ఆయన వైపే ఉంటుంది. ఆయన లేచి వెళ్లిపోయాక నా వైపు తిప్పి, కాసేపు తల ఊపమంటారు. నాడ్ షాట్ అంటాం."

"అంటే నువ్వు తల ఊపింది ఖాళీ కుర్చీకా?"

"ఖాళీ కుర్చీకే. కావాలంటే మీరు లేవండి, ఊపి చూపిస్తాను."

ఆయన నిజంగానే లేచి పక్కకు నిలబడ్డాడు. ఆవిడ కుర్చీకేసి చూస్తూ సానుభూతిగా ఒకసారి, అనుమానంగా ఒకసారి, అర్థమైనట్టు ఒకసారి తల ఊపింది. అర్థమైనట్టు ఊపినదాన్ని డాక్టరు గుర్తుపట్టాడు. క్లినిక్ విశేషాలు చెప్పినప్పుడల్లా తనకు దక్కేది అదే. ఇన్నేళ్లూ ఖాళీ కుర్చీ వాటా తిన్నానన్నమాట అనుకున్నాడు గానీ, ఆ కేసును పక్కన పెట్టాడు.

"మరి ఖాళీ కుర్చీకి ఊపినదాన్ని ఆ మాట వెనకాలే అతికించిందెవరు?"

"అదంతా ఎడిటింగ్ రూములో జరుగుతుంది" అంటూ ఆవిడ పళ్లెం తీసుకుని లేచింది. ప్రశ్నకు లేచి వెళ్లిపోవడం ఆవిడ అలవాటు కాదు. ఎదుటివాళ్ల అలవాటు.

ఆయనకు నిద్ర పట్టలేదనలేం గానీ, మర్నాడు ఉదయం పళ్లు తోముకుంటూ కూడా ఆ వార్తే చూశాడు. పళ్ల డాక్టరుకు కళ్లు నోటి చుట్టుపక్కలే తిరుగుతాయి. నోటి కింద గడ్డం, గడ్డం కింద కాలరు, కాలరు కింద జేబు. జేబు దగ్గర ఆగిపోయాడు. నురగ నోటితోనే వంటింట్లోకి పరుగెత్తి, ఫోను భార్య ముఖం ముందు పెట్టాడు.

"నువ్వు తల ఊపకముందు మేనేజరు పెన్ను జేబులో ఉంది. ఊపాక చేతిలో ఉంది. ఎప్పుడు తీశాడు?"

ఆవిడ స్టవ్ తగ్గించి చూసింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. ఇంటర్వ్యూలో మనిషి పెన్ను తీసి తిప్పడం మొదలుపెట్టాడంటే ఇబ్బంది పడుతున్నట్టేనని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది ఆవిడే. ఇంకోసారి వెనక్కి జరిపింది. పాలు పొంగుతుంటే ఆయనే దించాడు.

ఆఫీసులో ఆవిడ ఆ రోజు కత్తిరించని రికార్డింగు తీయించి మొదటినుంచీ చూసింది. తల ఊపిన చోట కింద ఏముందో అక్కడ బయటపడింది. కునుకు తీశాడని మేనేజరు అనగానే, కెమెరా వెనకనుంచి ఆవిడ గొంతే వినిపించింది: మీరు చూశారా? మేనేజరు పెన్ను తీసి, తిప్పి, చూడలేదు గానీ అలాగే అయ్యుంటుందన్నాడు. ఆ ప్రశ్న, ఆ జవాబు రెండూ పోయాయి. పోయిన చోట అతుకు కనిపించకుండా ఆవిడ తలకాయ పెట్టారు. పిప్పిపన్ను మీద తొడుగు పెట్టినట్టు.

సవరణ వేద్దామంటే పై అధికారి, పాతబడ్డ వార్తను ఎవరు చూస్తారమ్మా, ఎవరూ గమనించలేదు కూడా అన్నాడు. మా ఇంట్లో ఒకాయన గమనించాడండీ అని ఆవిడ అక్కడే బైఠాయించింది. చివరికి తీసేసిన ఆ ప్రశ్నా జవాబుతో సహా ఆ ముక్క మొత్తం సాయంత్రం వార్తల్లో వేశారు. దాని వెనకాల ఆవిడ స్టూడియోలో కూర్చుని, గతంలో ప్రసారమైన కథనంలో లోపం జరిగిందని, అందుకు చింతిస్తున్నామని చదివింది. ఆ వారంలోనే విచారణవాళ్లు బస్సు స్టీరింగు విప్పించి చూడాలని నిర్ణయించారు. ఆ కబురు తెలిసిన రోజు ఆవిడ ఇంటికొచ్చి, సరేనా డాక్టరు గారూ అన్నట్టు చూసింది.

"లోపం జరిగిందా? వాన కురిసింది, ఎండ కాసింది, లోపం జరిగింది. బాగుంది" అన్నాడాయన.

డ్రైవరు మర్నాడు పన్ను కోసం వచ్చాడు. వచ్చీ రాగానే అదే మాట అన్నాడు. స్టీరింగు విప్పిస్తున్నారు, సంతోషమేనట. కానీ వీధిలో గురకలు ఆగలేదట. లోపం ఎవరిదో చెప్పనప్పుడు జనం తనదే అనుకుంటారట. డాక్టరు ఆయన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో పత్తి సర్ది, అప్పుడు భార్యకు ఫోన్ చేశాడు. పేషెంటు ఇప్పుడు లేచి పారిపోలేడు, వస్తే ఇప్పుడే రా అన్నాడు.

ఆవిడ వచ్చింది. మైకు లేకుండా, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తలుపు దగ్గరే నిలబడింది. పేషెంట్ల బల్ల మీది ఇద్దరు ముసలమ్మలు, టీవీ ఆవిడ వచ్చిందని మెడలు చాచి చూస్తున్నారు.

"బాబాయ్ గారూ, ఆ రోజు కథనంలో..." అని మొదలుపెట్టి ఆగింది.

నోరు తెరిచి ఉన్న డ్రైవరు పాపం మర్యాదకు తల ఊపాడు. అర్థమైనట్టు, నిదానంగా, పైకీ కిందికీ.

"తల కదపకండి బాబాయ్" అన్నాడు డాక్టరు.

ఆవిడ ఆ తల వంకే చూసింది. తనింకా ఏమీ చెప్పనేలేదు. అయినా ఆ ఊపు చూస్తే ముసలమ్మలు అంతా అయిపోయిందనే అనుకుని ఉంటారు. ఆవిడ తలుపు వదిలి కుర్చీ పక్కకు వచ్చింది. బల్ల దాకా వినిపించేంత గొంతుతో, వార్తలు చదివే గొంతు మాత్రం కాకుండా చెప్పింది.

"తల ఊపకండి బాబాయ్, ముందు వినండి. తప్పు నాది. నా ప్రశ్న తీసేస్తే వార్త నిడివి సరిపోతుందని ఎడిటరుకు చెప్పింది నేనే. అక్కడ నా తల పెట్టమన్నదీ నేనే."