తెలియని ఆప్షన్

ప్రేమమణి ఉల్లిపాయలు తరుగుతూ మూడోసారి చెప్పింది. "ఇవాళ నేను ఆఫీసుకి వెళ్లాలి అత్తయ్యా. ఈ వంట నావల్ల కాదు."

"ఆరాధన అయ్యాక పన్నెండుమంది భోజనానికొస్తారు. మాంసం రెండు కిలోలు సరిపోతుందంటావా?" అంది కాంతమణి.

భర్త లూకా చర్చికి బూట్లు పాలిష్ చేసుకుంటూ "ఊఁ" అన్నాడు. ఎవరికన్నాడో తెలియలేదు. చిలకలగూడలోని ఈ ఇంటికి ఆమె కోడలిగా వచ్చి ఏడేళ్లు. కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. స్కూటర్ నేర్చుకుంటానంటే టీ పెట్టమన్నారు. మౌలాలిలో అమ్మ దగ్గర నాలుగు రోజులుంటానంటే దుప్పట్లు ఆరాయా అని అడిగారు.

ఆమె పొయ్యి మీది గిన్నె మూత తీసింది, మళ్లీ పెట్టింది. మనసు శుక్రవారం దగ్గరే తిరుగుతోంది. కస్టమర్ పాత రికార్డులు తుడిచే ప్రోగ్రాం ఆమె రాసిందే. దాని పేరు టైపు చేసి, ఏం చేయాలో పక్కన ఆప్షన్ ఇస్తారు. కస్టమర్ దగ్గరి ఆపరేటర్ 'చూపించు చాలు, తుడవొద్దు' అనే ఆప్షన్ ఇచ్చాడు. ఆ ఆప్షన్ కొత్త వెర్షన్‌లోనే ఉంది. వాళ్ల దగ్గరున్నది పాతది. పాతదానికి ఆ ఆప్షన్ తెలియదు. తెలియదని చెప్పనూ లేదు. నలభై వేల చిరునామాలు తుడిచేసి 'పూర్తయింది' అని చూపించింది.

ఆమె మొదట అలా రాయలేదు. తెలియని ఆప్షన్ వస్తే దాని పేరు చూపించి ఆగిపోయేట్టు రాసింది. మేనేజర్ తుకారాం తీసేయమని మెయిల్ పెట్టాడు. "ప్రతిదానికి ఆగితే కస్టమర్ పరేషాన్ అయితడు మేడం. తెల్వనిదాన్ని వదిలేసి పని కానియ్యుండ్రి."

నిన్న అదే తుకారాం, తప్పంతా ఆమెదేనని టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. "ప్రోగ్రాం మీదే కద. జెర సంతకం పెట్టుండ్రి. సోమవారం పంపాలె."

"తీయించింది మీరే కదా సార్?"

"క్యాంటీన్ల సమోసాలొచ్చినయంట, తింటరా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"అత్తయ్యా, నేను చెప్పింది వినబడిందా?"

"అల్లం దంచావా?"

ప్రేమమణి పొయ్యి ఆర్పింది. "వినబడిందో లేదో చెప్పండి. అది తేలేదాకా ఇక్కడ ఏదీ ఉడకదు."

లూకా ఒక బూటు చేతిలో పట్టుకుని తలెత్తాడు. కాంతమణి కోడలి వైపు తిరిగింది.

"వినబడింది. వెళ్లడానికి వీల్లేదు."

ఏడేళ్లలో ఆమెకు దొరికిన మొదటి జవాబు అది. ప్రేమమణి చేతులు కడుక్కుని బ్యాగు తీసుకుంది. అందులో సంతకం చేయని కాగితం ఉంది. ఆఫీసులో తుకారాం మెయిల్ ప్రింటు తీసి దానికి పిన్ చేయాలి.

గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది: "కాదన్నారుగా అత్తయ్యా, ఇక మాట్లాడుకోవచ్చు. సాయంత్రం నేనొచ్చాక."