కొసోళ్ల ఇల్లు చూసుడు

మగ్దలేనమ్మ ఆ వారమంతా ఒకే పని మీద ఉంది. నీళ్లను దాచిపెట్టే పని.

నవ్వకండి. చింతపండు కుండ దాచినట్టు నీళ్లను దాచలేమని ఆమెకూ తెలుసు. కానీ పెళ్లీడు కొడుకున్న తల్లి ఏ పనైనా చేస్తుంది. జోయల్‌కు ఇప్పటికే మూడు సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి. అబ్బాయికి వంక పెట్టడానికి లేదు. బోరు మోటార్లు రిపేరు చేస్తాడు, మందు ముట్టడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. వంకంతా ఊరికే ఉంది. "పిల్లనియ్యుమంటే ఇస్తం గని, నీళ్లల్ల ఏసుమంటే ఎట్ల?" అని భైంసా నుంచి వచ్చినవాళ్లు ముఖం మీదే అనేసి, చాయ్ కూడా తాగకుండా లేచిపోయారు. ఆ చాయ్ మగ్దలేనమ్మే తాగింది, ఏడుస్తూ.

ఆ ఊరి సంగతి చెప్పాలి. కాగితాల్లో దాని పేరు నర్సక్కపేట. ప్రాజెక్టు కట్టకముందు కరీంనగర్ చుట్టుపక్కల ఉన్న అన్ని ఊళ్లలాంటిదే. ప్రాజెక్టు నిండాక పల్లపు సగం మునిగింది. మునిగినవాళ్లకు రోడ్డు పక్కన కాలనీ వచ్చింది. మిట్ట మీద ఉండి మునగనివాళ్లకు మాత్రం నీళ్లు వచ్చాయి. తూర్పున ప్రాజెక్టు నీళ్లు, ఉత్తరాన ఆ పోటుకు ఉబ్బిపోయిన పాత చెరువు, దక్షిణాన వాగు కదలకుండా నిలబడిపోయి తయారైన కొత్త చెరువు. పడమటి వైపు సన్నటి నేల, దాని మీద ఒక మట్టిరోడ్డు మిగిలాయి. ఆ రోడ్డును 'మెడ' అంటారు. మెడకు ఇవతల ఉన్నదంతా 'కొస'. ఇప్పుడు నర్సక్కపేట అంటే బస్సు కండక్టర్ తెల్లమొహం వేస్తాడు. కొస అంటే మాత్రం టికెట్ కొట్టేస్తాడు.

కొసోళ్లకు తూర్పు పడమరలతో పని లేదు. పెద్దనీళ్ల దిక్కు, చిన్ననీళ్ల దిక్కు, మెడ దిక్కు అంటారు. ఆడపిల్ల అత్తగారింటికి వెళితే 'మెడ దాటింది' అంటారు. సంతలో వాళ్ల దగ్గర చేపలు కొంటే, తూకం అయిపోయాక ఇంకో చేప పైన వేస్తారు. కొసోళ్లం గనుక కొసరు అని వాళ్లకు వాళ్లే నవ్వుకుంటారు. కరీంనగర్ కాలేజీలో ఎవరైనా ఏ ఊరని అడిగితే ఈ ఊరి పిల్లలు "కొస" అని ఛాతీ విరుచుకుని చెబుతారు. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ రెండక్షరాలు గొంతులో అడ్డం పడతాయి.

ఇప్పుడు వచ్చిన సంబంధం హుస్నాబాద్‌ది. పిల్ల పేరు స్తుతి. తండ్రి ప్రేమ్‌చంద్ టైలర్. ఫోటోలు నచ్చాయి, పిల్లా పిల్లగాడూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఇక ఇల్లు చూసుడు ఒక్కటే మిగిలింది. పిల్లవైపు వాళ్లు వచ్చి పిల్లగాడి ఇల్లూ వాకిలీ చూసి, ఇరుగుపొరుగును నాలుగు మాటలడిగి, అప్పుడు అవునో కాదో చెబుతారు. ఈ సంబంధం కూడా తప్పిపోతే కొడుకు ఇక పెళ్లి మాటే ఎత్తనివ్వడని మగ్దలేనమ్మకు తెలుసు. అందుకే తెలివిగా ఎండాకాలం రమ్మంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతాయి. ఆ బురదలో దోసతీగలు పాకుతాయి. చూసేవాళ్లకు కొస కూడా అన్ని ఊళ్లలాగే కనిపిస్తుంది.

ఆమె ఖర్మకు ఆ ఏడు కింది ప్రాజెక్టు నుంచి మోటార్లు పెట్టి నీళ్లు ఎత్తిపోశారు. మండుటెండల్లో చెరువులు అంచుల దాకా నిండాయి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పుదాం" అన్నాడు భర్త పౌలు.

"నువ్వు నోరు మూసుకొని ఉండు. గదే పదివేలు."

తర్వాత ఆమె పక్కింటికి వెళ్లింది. రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. అటువైపు బాలలక్ష్మి ఉంటుంది. భర్త హనుమండ్లు చేపలు పడతాడు. వాళ్ల వలలన్నీ ఆ గోడ మీదే ఆరేసి ఉంటాయి.

"బాలీ, జర గా వలలు తీసెయ్యరాదు? రేపు ఆళ్లు వస్తున్నరు."

"తీస్త అక్కా. గదెంత పని?"

"ఇంకోటి... ఆళ్లున్నంతసేపు నువ్వు గూడ ఇటు రాకు. ఏమనుకోకు. చేపల వాసన..."

మాట జారిపోయింది. వసపిట్టలాగా వాగే బాలలక్ష్మి ఆమెకేసి ఒకసారి చూసి, "సరే" అని ఊరుకుంది. వలలు చుట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మగ్దలేనమ్మకు లోపల చురుక్కుమంది. కానీ ఇంట్లో అలకాల్సిన నేల ఉంది, కడగాల్సిన గిన్నెలున్నాయి. చేయి పనిలో పడ్డాక ఆ చురుకు కాస్త తగ్గింది.

మర్నాడు పొద్దున ప్రేమ్‌చంద్, అతని తల్లి ఎస్తేరవ్వ ఆటోలో వచ్చారు. ఇల్లు చూసుడుకు పిల్లగాడితో పని లేదు గనుక జోయల్ తెల్లారకముందే మోటారు రిపేరుకని మెడ దాటి వెళ్లిపోయాడు. వాళ్లను దించీ దించకముందే డ్రైవర్ బండి తిప్పుకున్నాడు.

"మెడ మీదికి నీళ్లు ఎక్కుతున్నయ్. నేనాగ" అని అరిచి దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాడు.

ప్రేమ్‌చంద్ వాకిట్లో నిలబడి కుడివైపు చూశాడు. నీళ్లు. ఎడమవైపు చూశాడు. అటూ నీళ్లే. ఇంటి వెనకాల ఏముందో అడగాలా వద్దా అన్నట్టు నిలబడిపోయాడు. సన్నటి మనిషి, చేతిసంచీని గుండెలకు అదుముకుని ఉన్నాడు.

"ఇయన్నీ గీ ఏడే వచ్చినయన్నా" అంది మగ్దలేనమ్మ, కన్ను ఆర్పకుండా. "ముందెన్నడు లేవు. జర ఎండలు ముదిరితే పోతయి. మీరేం ఫికర్ చెయ్యకున్రి."

పౌలు తలెత్తి ఆకాశంలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఎస్తేరవ్వ చేతికర్ర తాటించుకుంటూ లోపలికి నడిచింది.

బగార అన్నం, కోడికూర వడ్డించారు. నీళ్ల మాట గుర్తు రాకూడదని మగ్దలేనమ్మ చేప ముక్క కూడా ఇంట్లోకి రానివ్వలేదు. అంతా ఆమె అనుకున్నట్టే జరుగుతోంది. ఒక్క సంగతే మరిచిపోయింది. భోజనం ముందు ఇంటి పెద్ద ప్రార్థన చేస్తాడు. పౌలు మనుషుల ముందైతే భార్య కోసం నోరు మూసుకోగలడు. కళ్లు మూసి దేవుని ముందు నిలబడితే మాత్రం అతనికి భార్య కూడా కనిపించదు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం" అని మొదలుపెట్టాడు. "పెద్దల్ని మా గడప తొక్కించినందుకు స్తోత్రం. గీ అన్నం కోసం స్తోత్రం. పదేండ్ల సంది మూడుదిక్కుల నీళ్ల నడుమ మమ్ములను ఒక్క పూట గూడ పస్తు పెట్టకుండ సాదుకొచ్చిన తండ్రీ..."

మగ్దలేనమ్మ ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి భర్తను చూసింది. అతను ఇంకా పరవశంలోనే ఉన్నాడు. మెడ మునిగిన ఏళ్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటున్నాడు, ఒక్కొక్క దానికీ స్తోత్రం చెబుతున్నాడు.

"ఆమెన్" అంది ఎస్తేరవ్వ, గట్టిగా.

ఎవరూ ఎవరి ముఖం చూసుకోలేదు. ప్రేమ్‌చంద్ అన్నం కలుపుతున్నాడు కానీ ముద్ద నోటికి పోవడం లేదు. భూమి చీలితే బాగుండునని మగ్దలేనమ్మకు అనిపించింది. అంతలో ఎస్తేరవ్వ గిన్నెలన్నిటి మీదా ఒక చూపు తిప్పింది.

"చేపల పులుసు లేదా బిడ్డా? కొసకు పోతున్నమంటే మంచి చేపలు తినొచ్చని పొద్దుగాల చాయ్ గూడ తాగలే నేను."

మగ్దలేనమ్మ వెనక తలుపు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లింది కానీ, ఏ ముఖం పెట్టుకుని పిలవాలి? రావద్దన్నది తానే. వాసన అన్నదీ తానే. అలా నిలబడి ఉండగానే గోడ మీదుగా ఒక మట్టికుండ వచ్చింది, మూతతో సహా. దాని వెనక బాలలక్ష్మి చేతులు.

"ముసలమ్మ అడిగింది ఇనబడ్డది. పొద్దుగాలనే పెట్టిన. పట్టుకపో, సల్లారుతది."

మగ్దలేనమ్మ కుండ అందుకుంది. ఏదో అనాలనుకుంది. అప్పటికే గోడ అవతల ఎవరూ లేరు.

ఎస్తేరవ్వ పులుసు మూడుసార్లు వేయించుకుంది. ముల్లు తీస్తూ, వేలు నాకుతూ, ఎవరు చేశారని మాత్రం అడిగింది. "పక్కింటి బాలలక్ష్మి" అని పౌలే చెప్పాడు. ఆమె తలూపి చేయి కడుక్కుంది.

బయలుదేరే వేళకు మెడ పూర్తిగా మునిగిపోయింది. రోడ్డు ఉందనడానికి రెండు వైపులా కరెంటు స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ప్రేమ్‌చంద్ ముఖం పాలిపోయింది. హనుమండ్లు పొద్దుటే చేపలు తీసుకుని మెడ దాటి వెళ్లి అటే చిక్కుకుపోయాడు. వాళ్ల పడవ నడపడానికి ఇక బాలలక్ష్మి తప్ప ఎవరూ లేరు. పిలవకముందే ఆమె చీర కొంగు నడుముకు చుట్టుకుని, తెడ్డు పట్టుకుని ఒడ్డున నిలబడి ఉంది. అతిథుల్ని అవతలి ఒడ్డుదాకా సాగనంపడానికి మగ్దలేనమ్మ కూడా పడవెక్కింది.

నడినీళ్లలోకి వచ్చాక ఎస్తేరవ్వ నోరు విప్పింది.

"ఏం బిడ్డా, నువ్వేనట గద పక్కిల్లు? పక్కింటోళ్లను అడుగకుండ పిల్లనెట్ల ఇస్తం? చెప్పు మరి. గీ ఇల్లెసోంటిది, గీ ఊరెసోంటిది?"

మగ్దలేనమ్మకు లేచి పోదామంటే చుట్టూ నీళ్లు. కొడుకు పెళ్లి ఇప్పుడు బాలలక్ష్మి నాలుక చివర ఉంది. నిన్న తాను తలుపు వేయించిన బాలలక్ష్మి నాలుక చివర.

బాలలక్ష్మి తెడ్డు వేయడం ఆపలేదు.

"ఉన్నది ఉన్నట్టే చెప్త పెద్దమ్మా. నీళ్లు గీ ఏడు వచ్చినయి కావు, పదేండ్లాయె. నిండినప్పుడల్ల మెడ మునుగుతది. గప్పుడు గిట్లనే పడవ. కరెంటు పోతే జల్ది రాదు. పాము కుట్టినా, పురుడొచ్చినా గీ నీళ్లు దాటాలె."

ప్రేమ్‌చంద్ పడవ అంచును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మగ్దలేనమ్మ తల దించుకుంది.

"ఇగ గీ అక్క ముచ్చట. మీరొస్తున్నరని వారం సంది నిద్ర లేదు. నా వలలు తీయించింది. చేపల వాసనొస్తది, నన్ను గూడ రావద్దన్నది. నాకు మస్తు బాధయింది. మా ఆయనకు చెప్పుకొని ఏడ్సిన. పొద్దుగాల లేసి మళ్ల నేనే పులుసు పెట్టిన. ఎందుకంటే..." ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. "నీళ్లను దాచిపెట్ట జూసింది పెద్దమ్మా, గీ పిచ్చిది! ఎవలన్న నీళ్లను దాస్తరా? మీ పిల్ల మీద గంత ఆశ. ఇంక రానే రాలే, గింత పరేషాన్ అయితున్నది. వచ్చినంక పిల్లను కాలు కింద పెట్టనిస్తదా?"

ఎస్తేరవ్వ పెదవులు బిగించుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

"పోయినేడు నా బిడ్డకు జ్వరమొచ్చింది" అని బాలలక్ష్మి ఈసారి నెమ్మదిగా చెప్పింది. "నేను మెడ అవతల చిక్కుకున్న. నేనొచ్చేదాక గీమె దాన్ని ఒళ్లె నుంచి దించలే. నన్ను వాసనన్నది గని, నా బిడ్డనెన్నడు అనలే. కులం అడ్డం రాకపోతే, నాకింకో బిడ్డ ఉంటే, గీ ఇంట్లనే ఇద్దును. గంతే. ఇగ మీ ఇష్టం."

మగ్దలేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తాను చాటున చేసిన మేలు బాలలక్ష్మి అందరి ముందూ చెప్పింది, అందరి ముందు చెప్పాల్సిన చెడు కూడా చెప్పింది. ఏదీ దాచలేదు. ఇంత మంచి మనిషిని తాను తలుపు చాటున పెట్టింది.

"ప్రేమ్‌చందూ, పిల్లనిద్దాం" అంది ఎస్తేరవ్వ.

"ఏంది అవ్వా? ఇల్లే సరిగ్గ చూడలేదు మనం. ఒక్క అర్రల కూసొని తినొచ్చినం."

"నేను చూసిన. నువ్వు ఆళ్ల ఇల్లు చూసినవు, నేను గీమెను చూసిన. నా మనుమరాలిని కొసకు ఇస్తలేను రా, గీమె పక్కింటికి ఇస్తున్న."

ప్రేమ్‌చంద్ తల్లిని చూశాడు, తెడ్డు వేస్తున్న మనిషిని చూశాడు, చివరికి నీళ్లను కూడా చూశాడు. ఆ తర్వాత తలూపాడు.

మగ్దలేనమ్మ పొద్దున లేస్తే దేవునికి స్తోత్రం చెప్పకుండా మంచం దిగదు. కానీ ఒక మనిషికి ఎలా చెప్పాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. గోడ పక్క మనిషికి ఆ మాట ఎవరు చెబుతారు? ఎంత వెతికినా నోటికి ఏమీ రాలేదు. ముందుకు వంగి, తెడ్డు పట్టుకున్న బాలలక్ష్మి తడిచేతిని రెండు చేతులతో పట్టుకుని, దాని మీద తల ఆనించి భోరుమంది. పడవ పక్కకు తిరిగింది. ప్రేమ్‌చంద్ కెవ్వుమన్నాడు.

"ఇడువక్కా, చెయ్యి ఇడువు" అంది బాలలక్ష్మి, ఏడుస్తూనే నవ్వుతూ. "ముందు నీ వియ్యంకుణ్ని ఒడ్డు చేర్చనియ్యి."