ఆయన భుజాలు ఇంత

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు ఎక్కడైనా తప్పిపోతే మీరే సర్దుకోండి. నెమ్మది కూడా ఎక్కువే. నేను ఒక పేజీ రాసేలోపు ఎవరి కోటుకైనా లోపలి గుడ్డ మార్చి, ఇస్త్రీ చేసి ఇచ్చేయగలను. తొందరపడేవాళ్లు ఈ క్లాసు పుస్తకంలో నా పేజీలు తిప్పేసి, తర్వాత మా క్లాసు మీసాలాయన రాసిన హత్య కథ చదువుకోండి.

నేను దర్జీని. కొత్తవి కుట్టను, పాతవి సరిచేస్తాను. మా అమ్మాయీ అల్లుడూ కింద బట్టలుతికే షాపు నడుపుతారు. ఉతకడానికి వచ్చినవాటిలో ఊడిన గుండీ, చిరిగిన జేబు, వదులైన నడుము నా దగ్గరికి పైకి వస్తాయి. అందుకే వీధిలో నన్ను గుండీలమ్మ అంటారు. యూనివర్సిటీలో కూడా అదే పేరు అంటుకుంది.

యూనివర్సిటీ అంటే నవ్వకండి. నేను చదువు నేర్చుకున్న లైబ్రరీ గోడ మీద కాగితం అంటించారు. కథలు రాయడం నేర్పుతారట, సాయంత్రం క్లాసులట, డిగ్రీ అక్కర్లేదట, మాట్లాడించి చూసి చేర్చుకుంటారట. మాట్లాడటానికేం, వెళ్లి మాట్లాడాను. సీటిచ్చారు.

"ఈ వయసులో నీకు కథలెందుకే అమ్మా?" అంది మా అమ్మాయి.

"వయసులో ఉన్నప్పుడు తీరిక ఎక్కడేడ్చిందే?" అన్నాను.

నాకు కావలసింది ఒక్కటే కథ. మా ఆయనది. ఆయన పోయాక పుట్టింది మా మనవరాలు. ఫొటోలో చూస్తే ఆయన ఎవరో బిగుసుకుపోయిన మనిషిలా ఉంటాడు. అసలు మనిషి నా దగ్గరే ఉన్నాడు. నేను పోతే నాతోపాటు ఆయన కూడా పోతాడు. రెండోసారి పోకూడదని నా పట్టుదల.

మొదట్లో క్లాసులో ఎవరి కథ వాళ్లే చదివేవాళ్లం. కాపీలు ముందే అందరికీ పంచాలి. నా వంతు వచ్చింది. లేచి మొదలుపెట్టాను. ఆయన ఇళ్ల సామాన్లు మార్చే లారీ మీద పనిచేసేవాడు. బీరువాని వీపు మీద పెట్టుకుని మెట్లెక్కి, దింపాక దాని వీపు తట్టి, "ఇక్కడ గాలి బాగుంది, సుఖంగా ఉండు" అని అప్పగింతలు పెట్టేవాడు. మీసాలాయన తొడ చరుచుకుని నవ్వాడు. నా పక్కనున్న కళ్లజోడు పిల్ల మాత్రం కాపీ మీద వేలు పెట్టి వెతుక్కుంటోంది.

"అమ్మమ్మా, ఇదెక్కడుంది?"

"ఏది?"

"మీరు చెప్పేది. నా కాగితం మీద నాలుగు లైన్లే ఉన్నాయి."

"నాలుగే రాశాను."

"మరి మిగతాది?"

"మిగతాది నాకు తెలుసు కదమ్మా!"

క్లాసంతా గొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. గుడ్డ మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీసుకుంటాం. కత్తెర పట్టుకున్న మనిషికి ఆ గీతలు చాలవూ? కాగితం మీద రాతంటే అలాంటిదే అనుకున్నాను.

మీసాలాయన రిటైరైన పోలీసు. "అక్కయ్యగారూ, వాంగ్మూలం లేకుండా సంతకం ఒక్కటే పెట్టినట్టుంది మీ కథ" అన్నాడు.

"నువ్వూరుకో తమ్ముడూ. నీ కథలో చచ్చినవాడు రెండు పేజీల తర్వాత టీ అడిగాడు."

క్లాసయ్యాక టీచరమ్మ నన్ను కూర్చోబెట్టింది. మా అమ్మాయి కంటే చిన్నది. "అమ్మా, మీరు చెబుతుంటే ఆయన నాకు కనబడ్డారు. కానీ టర్ము చివర మీ కథ మీరు చదవకూడదు. ఇంకొకరు చదువుతారు. బయటి నుంచి ఇంకో టీచరు వస్తారు. చర్చ అయ్యేదాకా రాసినవాళ్లు నోరు విప్పకూడదు. కథ తన కాళ్ల మీద తను నిలబడితేనే రెండో టర్ము."

"నేను నోరు మూసుకుంటే ఆయన్ని ఎవరు చూపిస్తారు?"

"కాగితమే చూపించాలమ్మా."

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా అమ్మాయి, "దీనికింత దిగులా! నువ్వు మామూలుగా చెప్పు, ఫోనే రాసుకుంటుంది" అంది. కుట్టుమెషీను పక్కన కూర్చుని ఫోనుకి మొత్తం చెప్పాను. షాపులో బిల్లులు తీసే మిషన్ పక్కనున్న ప్రింటర్లో బొత్తి కాగితాలు తీసి నా చేతిలో పెట్టింది. నా కథ అంత లావుందని మురిసిపోయాను. కళ్లజోడు తుడుచుకుని చదివాను.

"ఆయన భుజాలు ఇంత. నడిస్తే ఇదిగో ఇలా నడిచేవాడు. కోపం వస్తే మూతి ఇలా పెట్టేవాడు."

పేజీల నిండా అవే. ఇంత, అంత, ఇలా, అలా.

"ఇంత అంటే ఎంతమ్మా?" అంది మా అమ్మాయి కొంటెగా.

"ఇంత!" అని చేతులు చాపాను.

"ఆ చేతులు కూడా పిన్ను కొట్టి పంపిస్తావా?"

దానికి నవ్వులాట. నాకు అప్పుడు అర్థమైంది. గుండుసూదులు పెట్టినంతసేపూ ఏ చొక్కా అయినా ఒంటికి సరిపోయినట్టే ఉంటుంది. సూదులు తీస్తే గుడ్డలు కింద పడతాయి. నా గొంతూ నా చేతులూ గుండుసూదులే. కుట్టు ఎక్కడా పడలేదు.

దాచుకున్న ఆయన చొక్కా తీసి టేపు పెట్టి కొలిచాను. భుజం నుంచి భుజానికి ఇరవై ఒక్క అంగుళాలు. అదే రాశాను.

"ఇది కథా, కొలతల చీటీనా?" అంది మా అమ్మాయి.

నిజమే. ఆ కొలత ఎవరికైనా ఉండొచ్చు. ఆయనకి నేను ఎప్పుడూ టేపు పెట్టలేదు, నా చేతులకే తెలుసు. చేతులకి తెలిసింది కాగితానికి చెప్పడం నా వల్ల కాలేదు. ఆ వారం క్లాసు ఎగ్గొట్టాను. సీటు ఇంకెవరికైనా ఇచ్చేయండని చెప్పిరావాలని కూడా నిశ్చయించుకున్నాను.

మర్నాడు కళ్లజోడు పిల్ల ఊడిన గుండీ వంకతో వచ్చింది. భుజాన కొండంత పుస్తకాల సంచీ. నా గది గుమ్మం సన్నం. సంచీతో సహా అడ్డంగా ఇరుక్కుపోయింది.

"పక్కకి తిరిగి రావే తల్లీ!" అన్నాను.

అనగానే నా నోరు అలాగే ఉండిపోయింది. ఆ మాట నేను ఎన్ని వేలసార్లు అన్నానో! ఆయనతో. పాత ఇంటి వంటగది దగ్గర.

"ఏమైంది అమ్మమ్మా?"

"ఏం కాలేదు. గుండీ రేపు కుడతాను. కాస్త ఆ పెన్సిలు అందుకో."

అప్పుడు రాసింది ఇది:

"మా వంటగది గుమ్మం సన్నం. పని నుంచి వచ్చి ఆయన నేరుగా అందులోకే వచ్చేవాడు. పక్కకి తిరిగి రమ్మంటే, పగలంతా బీరువాలతో పక్కకి తిరిగే నడిచాను, నా ఇంట్లో కూడానా అనేవాడు. గుమ్మానికి రెండు వైపులా ఒకే ఎత్తులో రంగు అరిగిపోయి చెక్క కనిపించేది. ఎన్నిసార్లు రంగు వేయించినా మళ్లీ అరిగేది. ఆయన పోయాక ఇంకోసారి వేయించాను. అది అరగలేదు."

మిగతా కథని ఆ గుమ్మం నుంచే లోపలికి పిలిచాను. రోజుకు నాలుగు లైన్లు. చేతులతో చూపించినవన్నీ కొట్టేశాను. ఒక్కోదానికి గుమ్మం లాంటిది ఒకటి వెతుక్కున్నాను. బొత్తి కాస్తా మూడు పేజీలైంది.

టర్ము చివరి రోజు చీటీలు తీశారు. నా కథ చదవడం మీసాలాయనకి పడింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన ఏది చదివినా ముద్దాయికి ఆరోపణలు వినిపిస్తున్నట్టే ఉంటుంది. బయటి నుంచి వచ్చిన టీచరు చేతులు కట్టుకుని కూర్చుంది. నేను పెదవులు బిగబట్టుకున్నాను. ఒళ్లో చేతులు లేవకుండా ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి.

ఆరోపణలు చదివినట్టే చదివాడు. బీరువా అప్పగింతలు కూడా అదే గొంతుతో. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. మీసం ఒకసారి తుడుచుకున్నాడు. మిగతాది చిన్నగా చదివాడు.

కళ్లజోడు పిల్లే ముందు నోరు విప్పింది.

"నాకు ఆయన కనిపించారు. తలుపు దగ్గర. భుజాలు ఇంత ఉన్నాయి" అంటూ రెండు చేతులూ చాపింది.

బయటి టీచరు ఆ చేతుల వైపు చూసి తల ఊపింది. ముందున్న కాగితం మీద ఏదో రాసుకుంది.

నేనూ ఆ చేతులే చూస్తున్నాను. ఒక అంగుళం ఎక్కువ పెట్టింది. చెబుదామంటే నోరు విప్పకూడదు. పోనీలెండి. కొత్త గుడ్డ కత్తిరించేటప్పుడు అంగుళం వదలడం మంచిదే. ఉతికాక సరిపోతుంది.

గుండీలమ్మ
అరవై ఎనిమిదేళ్లు
కూతురి దగ్గర, బట్టలుతికే షాపు పై గదిలో ఉంటాను. రెండో టర్ము మొదలైంది కాబట్టి, గుండీలేవైనా ఉంటే క్లాసు వేళకి ముందే తెచ్చివ్వండి.