రెండో పాదంలో చుక్క

“బొమ్మని జవాబుకి తగ్గట్టు మార్చెయ్, గొడవ వదిలిపోతుంది” అన్నాడు భర్త, ఇస్త్రీ అవుతున్న చొక్కా కోసం చెయ్యి చాపి నిలబడి. ఆమె కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ, తప్పు జవాబులోనే ఉందని మూడోసారి చెప్పింది. ఆయన కాలేజీలో లెక్కలు చెప్పే లెక్చరరు. ఆమె అదే లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, రెండేళ్ళు పాఠాలు చెప్పి, పిల్ల పుట్టాక మానేసిన మనిషి. మానేసిందనే అందరూ అంటారు. మానిపించిందెవరని ఒక్కరూ అడగరు.

ఆయన రాసిన పాఠ్యపుస్తకంలో బొమ్మలన్నీ ఆమె చేతివే. కూరలు తరిగిన బల్లనే తుడిచి, దానిమీదే స్కేలూ కోణమానినీ పెట్టుకుని గీసింది. మా ఆవిడ చెయ్యి తిరిగిన మనిషని ఆయన స్నేహితుల దగ్గర మెచ్చుకుంటాడు, గోడకి సున్నం బాగా వేసేవాణ్ణి మెచ్చుకున్నట్టు.

ఇప్పుడు పేచీ వచ్చింది సంకీర్ణ సంఖ్యల్ని ఘాత రూపంలో రాసే పాఠం దగ్గర. పేరు వింటేనే పిల్లలు హడలిపోతారు గానీ అందులో ఉన్నదంతా ఒక చుక్క. మైనస్ ఒకటి ప్లస్ ఐ అంటే, అడ్డగీతా నిలువుగీతా కలిసే మధ్యనుంచి ఎడమకి ఒక అడుగు, పైకి ఒక అడుగు. అక్కడ చుక్క పెట్టి, మధ్యనుంచి దానిదాకా బాణం గీస్తే పొడుగు రూట్ రెండు. కుడివైపు అడ్డగీత నుంచి బాణందాకా ఎంత తిరిగామో అది కోణం. పొడుగుని ముందు రాసి కోణాన్ని ఐతో కలిపి ‘ఈ’ అనే అక్షరం నెత్తిన కూర్చోబెడితే అదే ఘాత రూపం. భర్త బొమ్మ గీయడు. ఒకదాన్ని ఇంకోదానితో భాగించి కాల్‌క్యులేటర్ నొక్కుతాడు. అది మైనస్ నలభై అయిదు డిగ్రీలంటే కళ్ళకద్దుకుని రాసేస్తాడు. ఆ కోణంతో బాణం గీస్తే కుడిపక్క కిందికి పోతుంది, చుక్కేమో ఎడమపక్క పైన కూర్చుని ఉంటుంది. అలాంటివి ఎనిమిది లెక్కలు. ఎనిమిది చుక్కలూ నిలువుగీతకి ఎడమవైపువే, ఎనిమిది జవాబులూ తప్పే.

“పంతొమ్మిదేళ్ళుగా చెప్తున్నా. నువ్వు నాకు చెప్తావా?” అన్నాడు ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ. వాడి మాట వింటే నీ సొమ్మేం పోయిందని అత్తగారు వంటింట్లోంచి అందుకుంది. పోయిన సొమ్మేమిటో ఆమెకి బాగా తెలుసు. ఆ బల్ల దగ్గర ఆమెది అని చెప్పుకోడానికి మిగిలింది ఆ గీత ఒక్కటే. దాన్నీ వంకర చేయమంటున్నారు.

ఆ రోజే అచ్చుకి ముందు పరిశీలన. ప్రచురణ సంస్థవాళ్ళు వేరే కాలేజీల నుంచి ఏడుగురిని పిలిచారు. బొమ్మల కాగితాలు పట్టుకుని ఆమెనీ రమ్మన్నాడు భర్త. మార్చావా అని దారిలో అడిగితే, తెచ్చానంది.

గదిలో అందరూ పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆమెకి తలుపు పక్కన కుర్చీ చూపించారు. కమిటీ పెద్ద, రిటైరైన లెక్కల మేడం, కళ్ళజోడు సర్దుకుని ఆ పాఠం తీసింది. బొమ్మ ఒకటి చెప్తోంది, జవాబు ఇంకోటి చెప్తోంది, దేన్ని నమ్మాలి అని అడిగింది.

భర్త నవ్వేశాడు. “బొమ్మలు మా ఆవిడ గీసిందండీ. ఇంటి పనుల మధ్య ఎక్కడో పరధ్యానంగా గీసుంటుంది.”

ఆమె ఒళ్ళు మండిపోయింది. పిల్ల జ్వరంతో మూలుగుతుంటే పక్కన పడుకోబెట్టుకుని గీసింది, అత్తగారికి మందులిస్తూ గీసింది, ఒక్క గీతా జారలేదు. ఇన్నేళ్ళూ ఆయన పొరపాట్లన్నీ ఇంట్లోనే చెరిపేసి ఆయన్ని బయట నిలబెట్టింది. ఆ చెరిపిన చేతినే ఇప్పుడు నలుగురిలో తప్పుబట్టాడు. ఇంక ఊరుకోదలచుకోలేదు.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. సుద్దముక్క పట్టుకుని పద్నాలుగేళ్ళయింది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది. ఎడమకి ఒకటి, పైకి ఒకటి, చుక్క పెట్టింది. కాల్‌క్యులేటర్‌కి దిక్కు తెలియదనీ, ఎడమకెళ్ళి పైకెక్కినా, కుడికెళ్ళి కిందికి దిగినా దానికి ఒకే భాగఫలం కనిపిస్తుందనీ, అందుకే ముందు బొమ్మ గీయాలనీ చెప్పింది. బాణం ఎడమ పైభాగంలో, అంటే రెండో పాదంలో ఉంది కాబట్టి కోణం నూట ముప్ఫై అయిదు డిగ్రీలు, రేడియన్లలో మూడు ‘పై’ బై నాలుగు. రూట్ రెండు ముందు రాసి, ‘ఈ’ నెత్తిన ఐ మూడు ‘పై’ బై నాలుగు రాసింది. ఆపకుండా మిగిలిన ఏడూ చేసింది. చేస్తున్నంతసేపూ ఆమెకి ఎంత సంతోషంగా ఉందంటే, గదిలో మొగుడున్నాడన్న సంగతే మర్చిపోయింది.

ఒక లెక్చరరు గుట్టుగా తన నోట్సు తీసి ఏదో కొట్టేసుకున్నాడు. ఇంకొకాయన ఐదో లెక్క మళ్ళీ చెప్పమని అడిగితే మళ్ళీ చెప్పింది. భర్త నీళ్ళ గ్లాసు పట్టుకుని అందులోకే చూస్తున్నాడు. జవాబులు మార్చాలి, బొమ్మలు ఉన్నవి ఉన్నట్టే అచ్చుకి వెళ్ళాలి, గీసినావిడ పేరు లోపలి పేజీలో ఉండాలి అని పెద్ద మేడం కాగితం మీద రాసి సంతకం పెట్టింది. తర్వాత తలెత్తింది.

“ఏ కాలేజీలో చెప్తారమ్మా మీరు?”

“ఇంట్లోనే ఉంటుందండీ” అన్నాడు భర్త, ఆమె నోరు తెరిచేలోగా.

ఆమె చేతికంటిన సుద్ద దులుపుకోలేదు.

“సోమవారం నుంచి చెప్తాను మేడం” అంది. “ఏ కాలేజీయో రేపు వెతుక్కుంటాను.”