మూడో కిచ్

ఆ సాఫ్ట్‌వేర్‌కు మొహమాటం లేదు. అడగాల్సింది మొహం మీదే అడుగుతుంది, జవాబు చెప్పేదాకా ముందుకు కదలనివ్వదు. తోటపని కంపెనీ రేట్లన్నీ అందులోకి ఎక్కించాలని ఆమె పొద్దుటి నుంచీ షెడ్డులో కూర్చుని ఉంది. బయట ఉండీ లేనట్టు వాన. గడ్డి కోతకు ఇంత, కంచెపొదల హెడ్జి కత్తిరింపుకు అడుగుకు ఇంత, ఎరువు బస్తాకు ఇంత, దాని మీద ట్రక్కు ఖర్చు, దాని మీద లాభం. అన్నీ బుద్ధిగా మింగిన సాఫ్ట్‌వేర్, పనివాళ్ల గంట రేటు దగ్గరికి వచ్చేసరికి మొరాయించింది.

పనివాళ్ల జాబితాలో అందరికంటే పైన ఆమె భర్త పేరుంది. పక్కన సున్నా. ఆయన పోయి ఏడాది కావస్తున్నా ఆ పేరు తీసేయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. తీసేస్తే ఆయన్ని మరోసారి సాగనంపినట్టే ఉంటుంది.

సరే, ఎలా పనిచేస్తుందో చూద్దామని ఆ రోజు పనులకు ఒక అంచనా వేయించింది. ప్రతి పనికీ సాఫ్ట్‌వేర్ ఆయన్నే పురమాయించింది. ఎందుకు పురమాయించదు? అందరిలోకీ చవకైన మనిషిని ముందు పిలవడం దాని పద్ధతి. సున్నా కంటే చవక ఏముంటుంది?

అప్పుడే షెడ్డు వెనక నుంచి చప్పుడు వినిపించింది. కిచ్, కిచ్. ఆగింది. మళ్లీ ఒక కిచ్.

ఆమె ఒళ్లు జలదరించింది. రెండు కత్తిరింపులు వేసి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి వరస చూసుకుని, మూడోది వేసేది ఆయనొక్కడే. మిగతావాళ్లంతా మోటారు మిషన్లు వాడతారు. ఆయన కత్తెర ఎదురుగా గోడకే వేలాడుతోంది. లేచి దగ్గరికి వెళ్లి చూసింది. తుప్పు పట్టిన అంచుల మీద పచ్చటి పసరు, ఇంకా తడిగా ఉంది.

ఫోను మోగితే ఉలిక్కిపడింది. మూలింటి మామ్మగారు, కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్న ఖాతాదారు.

"అమ్మాయ్, మీ ఆయన వచ్చి హెడ్జి ఎంత బాగా తీర్చాడనుకున్నావ్! ఎంతివ్వాలి నాయనా అంటే, ఊరికే లెండి అని నవ్వేసి వెళ్లిపోయాడు. అదేం మనిషమ్మా?"

మామ్మగారికి మతిమరుపు. ఆయన పోయాడని ఇప్పటికి రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ కొత్తగా విన్నట్టే ఏడ్చింది. మళ్లీ ఏడిపించడం ఎందుకని ఆమె "అలాగే మామ్మగారూ" అని పెట్టేసింది.

అంతలో మరిది తడిసి ముద్దై లోపలికొచ్చాడు. ట్రక్కు తోలేదీ, మట్టి తవ్వేదీ, మొక్కలు మోసేదీ ఇప్పుడు అతనే.

"వదినా, మూలింటికి ఎవర్ని పంపావు? హెడ్జి దారం పట్టి కోసినట్టుంది."

"ఎవర్నీ పంపలేదు."

అతను తల తుడుచుకుంటూ ఫ్లాస్కులోంచి టీ వంపుకున్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఆమె ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. చివరి నెలల్లో ఆయన చెయ్యీ అచ్చం అలాగే వణికేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎవరి ఇంటి ముందో, కత్తెర ఒళ్లో పెట్టుకుని హెడ్జి పక్కన కూలబడ్డాడు. పాపం, అలసిపోయి కాసేపు కూర్చున్నాడనుకున్నారు ఆ ఇంటివాళ్లు.

"నీ గంటకు ఎంత వెయ్యను?" అంది.

"నాకెందుకొదినా? ఇంట్లోవాణ్ణి. ఊరికే చేస్తా, సున్నా వేసెయ్. అన్నయ్యకీ అంతేగా!"

ఊరికే! ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండింది. ఎందుకండీ అంత కష్టపడతారంటే ఊరికే అనేవాడు. ఎందుకలా చిక్కిపోయారంటే ఊరికే అనేవాడు. ఆయన చెమటకు వెల కట్టకపోబట్టే వీళ్ల రేట్లు ఊళ్లో అందరికంటే తక్కువ. తక్కువ కాబట్టే పనులు వచ్చి పడ్డాయి. పడ్డ పనులన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అంటారు. ఆయన తనకు ఆకు కూడా వేసుకోలేదు. చచ్చినా విశ్రాంతి లేదు మనిషికి.

ఇప్పుడు తమ్ముడు అదే వరసలో నిలబడ్డాడు.

ఆమె మరిది పేరు పక్కన మేస్త్రి రేటు కొట్టింది.

"అంతా? రేట్లు పెరిగిపోతాయి వదినా! సగంమంది ఖాతాదార్లు పోతారు."

"పోనీ. నువ్వు పోకుండా ఉంటే చాలు."

ఇక ఆయన గడి మిగిలింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. సున్నా ఉంచితే రేపూ వస్తాడు. ఎల్లుండీ వస్తాడు. ఆ చప్పుడు వింటూ ఎన్నేళ్లయినా బతికేయొచ్చు. వెల కడితే ఇక ఊరికే రాడు. ఉంచెయ్యవే, ఎవరికి నష్టం అని ఆమె మనసు కాళ్లావేళ్లా పడింది. గోడ అవతల ఆయన ఈ వానలో కూడా కత్తిరిస్తూనే ఉన్నాడు. కిచ్, కిచ్. ఆగి, కిచ్.

"ఇంక చాలండీ," అంది మెల్లగా, రోజూ చీకటి పడబోతుంటే పిలిచినట్టే. "లోపలికి రండి."

అందరికంటే ఎక్కువ రేటు ఆయనకు వేసి, సేవ్ నొక్కింది.

కిచ్, కిచ్.

ఆమె ఊపిరి బిగబట్టి మూడోదాని కోసం ఎదురుచూసింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏంటొదినా, ఏం వింటున్నావ్?"

"ఏం లేదు," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "ఊరికే."